కదలని ముల్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను సైంటిస్టుని కాను. నా పేరు సూరాడ ఎల్లాజీ. ఐటీఐలో ఫిట్టరు కోర్సు చదివి, ఇరవై రెండేళ్ళు ఓడల మరమ్మతు యార్డులో బాయిలర్ల దగ్గర మాడి, ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక సముద్ర పరిశోధనశాలలో పంపు ఆపరేటరుగా చేరినవాణ్ణి. ఈ కథలో సైన్సు ఎక్కడన్నా తప్పితే మా మేడంగారిని అడగండి. పంపు సంగతి తప్పితే మాత్రం నా చెవి మెలిపెట్టండి, కిక్కురుమనను.

మా దగ్గర ఒక బిందె ఉండేది. కాగితాల్లో దానికి బారెడు ఇంగ్లీషు పేరుంది గానీ ఎవడికీ నోరు తిరగదు. నడుమెత్తు ఉక్కు పాత్ర, గోడ మందం జానెడు. చూడ్డానికి అచ్చం మా కాసులమ్మ కుళాయి దగ్గర పెట్టే బిందెలా ఉందని ఆ పేరు నేనే పెట్టాను. కాసులమ్మ నా ఆవిడ. ఫిషింగ్ హార్బరులో చేపలమ్ముతుంది. ఇక బిందెలో ఉన్నదేమిటంటారా, రెండు గుప్పిళ్ళ బురద. హిందూ మహాసముద్రంలో అయిదు కిలోమీటర్ల లోతునుంచి తెచ్చిన బురద.

అంత లోతులో ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఒక టీ కప్పు వల్ల. బురద కోసం ఓడ వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. మేడంగారు, అంటే పేరి సువర్చల గారు, నా చేతిలో ఒక థర్మాకోల్ కప్పు పెట్టి, "మీ అమ్మాయి పేరు రాయండి ఎల్లాజీ గారూ" అన్నారు. పైడితల్లి అని పెద్దపెద్ద అక్షరాలతో రాశాను. దాన్ని బురద తెచ్చే యంత్రానికి కట్టి కిందికి దించారు. సాయంత్రానికి పైకొచ్చింది. ఓరి నాయనో! కప్పు బొటనవేలికి తొడుక్కునేంత అయిపోయింది. విరగలేదు, చిరగలేదు, అంతా కుంచించుకుపోయి అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

"అక్కడ మీ గోరంత చోటుమీద ఒక ఆవూ దాని దూడా ఎక్కి నిలబడ్డంత బరువుంటుంది" అన్నారావిడ.

"మరంత బరువు కింద ప్రాణం ఉన్నదేదైనా పచ్చడైపోదేటండి?"

"మనమైతే అవుతాం. వీటికి ఆ బరువే ఇల్లు. పైకి తెచ్చి బరువు తీసేస్తే చచ్చిపోతాయి. అందుకే సముద్రం అడుగునే బిందెకి మూతపెట్టించి, ఆ ఒత్తిడితో సహా తెచ్చాను. ఇక మీ పని ఒక్కటే. మీటరు ముల్లు కదలకూడదు."

అదీ నా ఉద్యోగం. బిందె మూత దగ్గర కంటికి కనిపించనంత కారుతూ ఉంటుంది. ఆ కారినంత ఒత్తిడినీ పంపు ఎప్పటికప్పుడు నింపాలి. పళ్ళెమంత మీటరు, దానిమీద ఎర్ర గీత, గీత మీద ముల్లు. పగలు గంటకోసారి చూసి రిజిస్టర్లో రాయడం నా వంతు. రాత్రి కాపలాకి వేరే మనిషి ఉండేవాడు. పంపు మోగుతోందా లేదా అన్నది తప్ప అతనికేమీ పట్టదు.

బిందె పక్కకి ఒక చిన్న గది, దానికి ఆవగింజంత కిటికీ, ఆ కిటికీకి భూతద్దాల కెమెరా. టీవీ తెరమీద పంతొమ్మిది చుక్కలు కనిపించేవి. బియ్యపు నూకల్లా ఉండేవి. అవే మేడంగారి జీవులు. మొదటిరోజు నేను "పంతొమ్మిదిమందేనా?" అంటే ఆవిడ నవ్వి, "మంది కాదు ఎల్లాజీ గారూ, సూక్ష్మజీవులు" అన్నారు. తర్వాత ఒక నూకని వేలితో చూపించి, ఇది తన ఒళ్ళు రెండుగా చేసుకుని వెయ్యేళ్ళు దాటి ఉంటుంది అన్నారు. ఆ బురదలో తిండి అంత తక్కువట, వాటి బతుకు అంత నిదానమట. అంటే తెలుగులో ఇంకా ఎవరూ పుస్తకం రాయని రోజుల్లో పుట్టి, అదే ఒంటితో ఇప్పటిదాకా బతికే ఉందన్నమాట. చెప్పులు బయట విడిచి రావాల్సిందేమో అనిపించి కాళ్ళవైపు చూసుకున్నాను.

ఆ వెయ్యేళ్ళ పెద్దలకి మేడంగారు ఏడేళ్ళు తిండి పెట్టారు. రకరకాల పులుసులు కాచి కొలిచి పోశారు. ఒక్కటీ ముట్టలేదు. చావలేదు, కదల్లేదు, పెరగలేదు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అక్కగారితో ఉండేవారు. ఆ అక్కగారు పోయిన పదకొండో రోజు కూడా పొద్దున్నే వచ్చి తెరముందు కూర్చున్నారు. "ఇవి ఎలా బతుకుతున్నాయో తెలిస్తే, ప్రాణం అంటే ఏమిటో సగం తెలిసినట్టే" అనేవారు. పైవాళ్ళకి ఓపిక పోయింది. మార్చి నెలాఖరున మేడంగారి రిటైర్మెంటు. ఈలోగా ఒక్కటైనా పెరగకపోతే బిందె మూత తీసి, బురద పారబోసి, ఆ గది వేరే పనికి ఇస్తామని కాగితం వచ్చింది. మూత తియ్యడమంటే పంతొమ్మిదిమందినీ చంపడమే. ఆ కాగితం చదివి ఆవిడ మడిచి సొరుగులో పెట్టుకున్నారు. నన్ను చూసి, "టీ తాగుదాం రండి" అన్నారు.

ఇది దసరాకి ముందు మాట. ఇక నేను చేసిన వెధవపని చెప్తాను.

యార్డులో పెరిగినవాణ్ణి. ఆయుధపూజ నాడు యంత్రం తిప్పితే మాకు పాపం. యార్డులో క్రేను దగ్గర్నుంచి స్పానరుదాకా కడిగి, బొట్టుపెట్టి, ఆ రోజుకి పడుకోబెడతాం. ఏడాదంతా మనకోసం అరిగేదానికి ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వకపోతే మనం మనుషులమా? అలాంటిది నా పంపు ఏడేళ్ళుగా రాత్రీ పగలూ తిరుగుతోంది. ఏటా దసరాకి తిరుగుతున్నదానికే కుంకుమ పెట్టి, ఎవరో చూస్తారేమోనని లోలోపల దండం పెట్టుకునేవాణ్ణి. ఆ ఏడు మోటారు మూలగడం మొదలెట్టింది. చెయ్యి పెడితే కాలిపోతోంది. కొత్తది కొనమంటే, మార్చిలో మూసేసేదానికి కొత్త మోటారా అన్నారు.

పూజనాడు లాబ్‌లో నేనొక్కణ్ణే. పొద్దున ఎనిమిదింటికి బొట్టుపెట్టి, నిమ్మకాయ పెట్టి, "పడుకోయే తల్లీ" అని స్విచ్చి ఆపేశాను. మధ్యాహ్నం రెండుదాకా మీటరు ముందే గొంతుక్కూర్చున్నాను. ముల్లు వెంట్రుకవాసి దిగింది, అంతే. రెండింటికి స్విచ్చి వేస్తే మళ్ళీ నెమ్మదిగా ఎర్ర గీతకొచ్చింది. మోటారు మూలుగు పోయి పెళ్ళికూతురిలా మెత్తగా తిరిగింది. దాంతో నాకు బుద్ధి వంకర తిరిగింది. రోజూ రెండుసార్లు ఆరేసి గంటలు విశ్రాంతి ఇస్తే తప్పేమిటి అనుకున్నాను. ఎనిమిదింటికి ఆపడం, రెండింటికి వెయ్యడం, మళ్ళీ రాత్రి ఎనిమిదింటికి ఇంటికెళ్ళేముందు ఆపడం, అర్ధరాత్రి దాటాక రెండింటికి కాపలామనిషి చేత వేయించడం. "మోటారు కాలిపోతాది తమ్మూ, మేడంగారు సెప్పినారు" అని అతనికో అబద్ధం. రిజిస్టర్లో మాత్రం గంటగంటకీ ఒకటే అంకె. ముల్లు కదల్లేదు, ముల్లు కదల్లేదు. అబద్ధానికి చెయ్యి ఎంత తొందరగా అలవాటు పడుతుందో!

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. కుర్ర సైంటిస్టు షాహీన్ తెరముందు గావుకేక పెట్టింది. నేను పానా పట్టుకుని పరిగెత్తాను, పైపు పేలిందనుకుని. మేడంగారు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. మూలనున్న నూక నడుము సన్నబడింది. చూస్తూ ఉండగానే ఇంకా సన్నబడింది. మేం ముగ్గురం భోజనాలు మానేసి చూశాం. సాయంత్రం నాలుగింటికి అది రెండైంది.

వెయ్యేళ్ళు! వెయ్యేళ్ళ తర్వాత మొదటిసారి. మేడంగారు ఏడవలేదు, నవ్వలేదు. తెరని చేత్తో తడిమారు, పసిబిడ్డ నెత్తి తడిమినట్టు. నాకే కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ తర్వాత అంతా తిరనాళ్ళే. ఏప్రిల్‌కి ఇరవై ఆరుమంది అయ్యారు. బిందె మూత తియ్యడం మాట ఎవరూ ఎత్తలేదు. మేడంగారిని ఇంకో ఏడాది ఉండమన్నారు. ఆవిడ చివరిసారి పోసిన పులుసే కారణమని అందరూ అనుకున్నారు, ఆవిడతో సహా. పేద్ద పత్రికలో వ్యాసం వచ్చింది. అందులో మొదటి బొమ్మ ఏమిటనుకున్నారు? నా రిజిస్టరు. ఏడేళ్ళ ఒత్తిడి, స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే సరళరేఖ. సన్మానసభ పెట్టి డైరెక్టరుగారు నన్ను వేదికమీదికి పిలిచారు. "ఏడేళ్ళు ముల్లు కదలనివ్వని చెయ్యి ఇది!" అని నా చెయ్యి పైకెత్తి చూపించి శాలువా కప్పారు. చప్పట్లు. ఆ శాలువా ఒంటికి దురదగొండి ఆకులా తగిలింది.

ఇంటికొస్తే కాసులమ్మ ఒకటే నవ్వు. "శాలువా కప్పినారు గదా మావా, ఆ మూతేటి అలగ ముడిసినావు? పాసిపోయిన పులుసు తాగినోడి నాగ!"

శాలువా తీసి మేకుకి తగిలించాను.

పేరొచ్చింది కదా, బిందెకి రాజభోగం వచ్చింది. కొత్త పంపు, దానిమీద ఆటోమేటిక్ యంత్రం. ఆ యంత్రం ముల్లుని వెంట్రుకవాసి కాదు, వెంట్రుకలో వెయ్యోవంతు కూడా కదలనివ్వదు. నా పాత పంపుని గోడవారకి నెట్టారు. సరే, నా పాపం ఇక్కడితో తీరిందని ఊపిరి పీల్చుకున్నాను. ఇక రిజిస్టర్లో రాసేది నిజమే కదా!

మేలో పెరగడం ఆగింది. జూన్‌లో ఒక నూక అంచులు చెదిరి పొట్టులా తేలింది. జూలైలో మరి నాలుగు. మేడంగారు పులుసు మార్చారు, ఉప్పు మార్చారు, తను అన్నం తినడం మానేశారు. జపాన్‌లో ఒక బిందె, నార్వేలో ఒక బిందె ఉన్నాయట. వాళ్ళు మా సరళరేఖ చూసి, మా పులుసే పోసి, ముల్లుని మాకంటే గట్టిగా బిగించారు. ఒక్కటీ కదల్లేదు. ఉత్తరాలు మొదలయ్యాయి. మొదట మర్యాదగా, తర్వాత ఎత్తిపొడుపుగా. ఆవిడ బొమ్మలు కల్పించారని ఎవరో రాశారు. ఆగస్టు ఆఖరుకల్లా తమ బిందె మూత తీసేస్తామని ఆ నెల మొదట్లో నార్వేవాళ్ళు రాశారు. షాహీన్ ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి, "చాచా, మేడం కల్పించే మనిషేనా?" అని కళ్ళు తుడుచుకుంది. మా తెరమీద అప్పటికి పదిహేడే మిగిలాయి.

ఒక ఆదివారం కాసులమ్మ గంప మొయ్యడానికి హార్బరుకెళ్ళాను. బేరం తెగక ఆవిడ ఒకడితో పోట్లాడుతోంది. నేను గట్టుమీద కూర్చున్నాను. ఎదురుగా పడవ. నేనొచ్చినప్పుడు దాని మోకు నీళ్ళలో వదులుగా వేలాడుతోంది. ఇప్పుడు బిగుసుకుంటోంది. మెట్టుమీద తడి గీత పైకొచ్చింది. నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే.

కాసులమ్మ వచ్చి పక్కన కూలబడింది. "ఏటి, మీ బిందిలో ఓళ్ళ కోసమేనా బెంగ? నాకు తెలక అడుగుతాను, ఆళ్ళకి పోటూ పాటూ ఏటీ నేదేటి అందులో?"

"అయిదు కిలోమీటర్ల అడుగున పోటేటే?"

"అడుగైతే మాత్రం? పైన నీరు పెరిగితే కింద బరువు పెరగదేటి? గంపలో ఇంకో రెండు సేపలు ఏస్తే నా మెడకి తెలీదేటి?"

ఆరుగంటలు నీరు పెరిగే పోటు, ఆరుగంటలు నీరు తీసే పాటు. ఆరుగంటలు పంపు, ఆరుగంటలు విశ్రాంతి. వెంట్రుకవాసి పైకి, వెంట్రుకవాసి కిందికి. ఏడేళ్ళు చచ్చిన సముద్రంలో ఉంచాం వాళ్ళని! చంద్రుడి లాగుడు అక్కడిదాకా తెలుస్తుంది వాళ్ళకి, అది తెలిస్తేనే కదులుతారు. అమ్మబాబోయ్, అంత చీకటిలో, అంత బరువు కింద, కన్నూ చెవీ లేని నూకగింజలు వెయ్యేళ్ళుగా చంద్రుణ్ణి కనిపెట్టుకుని ఉన్నాయి. హార్బరంతా గోలగోలగా ఉంది, నాకేమీ వినిపించలేదు.

మరుక్షణం ఇంకోటి తోచింది. ఈ సంగతి చెప్పాలంటే రిజిస్టరు సంగతి చెప్పాలి. పద్నాలుగు నెలల్లో రిటైరవ్వాల్సినవాణ్ణి, దొంగ లెక్క రాసినవాడిగా పోతాను. అది సరే. మేడంగారి ముఖంలోకి ఎలా చూడటం?

సోమవారం పొద్దున్నే వెళ్ళి నిలబడి చెప్పేశాను. పూజ దగ్గర్నుంచి శాలువా దాకా, ఒక్క ముక్క దాచలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఏడేళ్ళు నాతో టీ తాగారు ఎల్లాజీ గారూ" అన్నారు. "మోటారు కాలుతోందని నాతో ఒక్కమాట చెప్పలేకపోయారా? మీ రిజిస్టరు చూపించి నేను ప్రపంచానికి మాటిచ్చాను. నన్ను అబద్ధాలకోరంటున్నారు. నిజమే కదా! నా పేరుతో అచ్చయింది అబద్ధమే కదా!"

"తప్పు నాది మేడంగారూ. మీరు సెప్పుచ్చుకు కొట్టినా పడతాను."

"నోరు ముయ్యండి" అన్నారు. ఆవిడ నోట అలాంటి మాట మొదటిసారి విన్నాను. కిటికీ దగ్గరికెళ్ళి సముద్రం వైపు చూశారు. వెనక్కి తిరిగేసరికి ముఖంలో కోపం ఉంది గానీ, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "పోటు..." అన్నారు తనలో తను. "ఏడేళ్ళు ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నాకు తట్టలేదు."

ఇద్దరం డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన తలుపేసి మెల్లిగా అన్నారు. "ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పకండి. యంత్రానికి పోటుపాట్ల లెక్క ఎక్కించండి. పెరిగితే ఏడాది తర్వాత ఇదో కొత్త సంగతిగా రాద్దాం. ఎల్లాజీ ఉద్యోగం ఉంటుంది, మీ పేరూ ఉంటుంది."

నిజం చెప్తున్నాను, ఆ మాట నా చెవికి తేనెలా ఉంది. మేడంగారు నావైపు చూశారు. నన్నే చెప్పనిచ్చారు.

"నార్వేవోళ్ళు ఈ నెలాఖరికి మూత తీసేస్తారంట గదండి" అన్నాను. "ఏడాది తరవాత సెప్తే ఆ బిందిలో ఓళ్ళు ఉండరు గదా. నా ఉద్యోగం కోసం వెయ్యేళ్ళోళ్ళని సంపలేనండి. రాసేయండి మేడంగారూ. నా పేరుతో రాసేయండి."

ఆ మధ్యాహ్నమే పత్రికకీ, నార్వే, జపాన్‌వాళ్ళకీ రాశారావిడ. ఒత్తిడి గురించి మేం అచ్చువేసింది అబద్ధమని, అసలు సంగతి ఇదని, తన పర్యవేక్షణ లోపమేనని. నా పేరు కింద రాసి, తన పేరు పైన రాశారు. వారంలో నన్ను తీసేశారు. మేడంగారికిచ్చిన ఏడాది కూడా రద్దు చేసి ఇంటికి పంపేశారు. సన్మానం లేదు, దండ లేదు. గేటు దగ్గర ఆవిడ సంచీ నేను పట్టుకోబోతే ఇవ్వలేదు. నాతో మాట్లాడకుండానే ఆటో ఎక్కారు. అంత పెద్దావిడ అలా వంగి ఎక్కుతుంటే నేను గేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

నార్వేవాళ్ళు మూత తియ్యలేదని షాహీన్ ఫోన్ చేసి చెప్పింది. మా బిందె ఇప్పుడు తన చేతిలో ఉందట, పోటుపాట్ల లెక్క ఎక్కించిందట. సెప్టెంబరంతా అడుగుతూనే ఉన్నాను. "ఇంకా లేదు చాచా" అనేది. నేను శాలువా తీసి అటకమీద పడేశాను.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు పొద్దున్నే షాహీన్ ఫోన్. "చాచా, బిందెకి బొట్టు పెట్టడం మాకెవరికీ రాదు. డైరెక్టరుగారిని అడిగాను, ఒక గంట రానిస్తామన్నారు. మేడం కూడా వస్తున్నారు. తొందరగా రండి" అని పెట్టేసింది.

కాసులమ్మ గుమ్మడికాయ, నిమ్మకాయలు, పసుపు సంచిలో వేసిచ్చింది. "తిన్నగా ఎల్లి తిన్నగా రా. ఏ స్విచ్చీ ముట్టుకోకు" అని మరీ చెప్పింది.

వెళ్ళేసరికి మేడంగారు తెరముందు కూర్చుని ఉన్నారు. చిక్కిపోయారు. నావైపు చూడలేదు. పక్కన ఖాళీ కుర్చీ చూపించారు. కూర్చున్నాను. తెరమీద నడిమధ్యనున్న నూక నడుము సన్నబడి ఉంది.

షాహీన్ ఇందుకే పిలిచిందన్నమాట, గడుసుపిల్ల! గంట అయిపోయింది, ఎవరూ నన్ను వెళ్ళమనలేదు. గుమ్మడికాయ సంచిలోనే ఉండిపోయింది. బయట సముద్రం పాటు తీస్తోంది. యంత్రం తనంతట తనే బరువు దించుతోంది, వెంట్రుకవాసి, వెంట్రుకవాసి. ఒంటిగంటా పదికి ఆ నడుము తెగింది. ఒకటి రెండై, రెండూ కాస్త ఎడంగా జరిగి, ఊపిరి తీసుకుంటున్నట్టు ఆగాయి.

"పద్దెనిమిదిమంది" అన్నారు మేడంగారు.

నేను బిందెకి పసుపు రాసి, బొట్టు పెట్టాను. గోడవారనున్న పాత పంపుకి కూడా పెట్టాను. ఆవిడ సొరుగులోంచి రిజిస్టరు తీసి, కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీసి నా ముందు పెట్టారు.

"మీటరు చూసి రాయండి" అన్నారు. "కనిపించింది కనిపించినట్టు."

లేచి వెళ్ళి మీటరు చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. తేదీ వేసి, టైము వేసి, గుండ్రంగా రాశాను. ముల్లు కదిలింది.